కడగని ద్రాక్షపండు

చంద్రగిరి దగ్గర ఎకరన్నర ద్రాక్షతోట ఉన్న గోవిందస్వామి పురుగుమందులకు ప్రకటిత శత్రువు. పదేళ్లుగా తీగల మొదళ్లలో చెరకు ఆకు పరిచి, పదిహేను రోజులకోసారి పేడ, గోమూత్రం కలిపిన జీవామృతం పోసి, వచ్చినవాళ్లకు పిడికెడు మట్టి తీసి అందులో వానపామును చూపించేవాడు. ఆ చూపించే తీరులో వానపాము తన అనుమతితోనే పుట్టినట్టుండేది.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. నెలకోసారి రైతులు ఒకరి తోటలో కలుస్తారు. చివర్లో ఆ తోట రైతు ఒక గుత్తి కోసి, కడగకుండా తానొక పండు తిని, మిగతావాళ్లకు పంచాలి. కడిగితే అవమానం కింద లెక్క.

మొన్న మాఘంలో సభ ఆయన తోటకే వచ్చింది. దానికి వారం ముందే బూడిద తెగులూ వచ్చింది. ఆకుల మీద విభూతి పూసినట్టు తెల్లటి పొడి. పుల్లమజ్జిగ నీళ్లలో కలిపి మూడు రోజులకోసారి కొడుతూపోతే లొంగుతుందని ఊరందరికీ చెప్పింది ఆయనే. ఒకసారి కొట్టాడు. రెండు రోజులు చూశాడు. ఓపిక మీద ఉపన్యాసాలిచ్చిన మనిషికి మూడో రోజు ఓపిక లేదు. తిరుపతికి పోయి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, తనను ఎరగని కొట్లో తెగులు మందుసీసా కొన్నాడు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు కొట్టాడు. పదిహేను రోజుల దాకా పండు కోయరాదని సీసా మీద రాసి ఉంది. చదివాడు కూడా, చదువుకున్నవాడు మరి.

సభనాడు ముందు వరసలో సిద్ధమ్మ కూర్చుంది. ఆమెది పక్కనే అరెకరం. నాలుగేళ్లుగా ఆయన మాట మీదే సేద్యం.

"ఒక ఆకుమీదన్నా బూడిద లేదే. మజ్జిగ ఎన్నిసార్లు కొట్టినావు స్వామన్నా?"

"ఒకసారే," అన్నాడు. ఇంత నిజమైన అబద్ధం ఆయన అంతకుముందు చెప్పలేదు.

"సూడండప్పా. నాకు నాలుగుసార్లు పట్టె. చెయ్యి తిరిగినోడి మజ్జిగే వేరు."

అందరూ నవ్వారు. గుత్తి కోసే వేళైంది. తానొక పండు తినేసి గుత్తిని పొరపాటున నేలపాలు చేద్దామని ఆయన పథకం. ఒక్క పండుకు ప్రాణం పోదు, పరువు నిలుస్తుంది. గుత్తి కోసి, ఒక పండు నోట్లో వేసుకున్నాడు. అంతలో సిద్ధమ్మ, పంచేదాకా ఆగకుండా, తల మీద వేలాడే గుత్తి నుంచి రెండు పండ్లు తుంచి నోటి దగ్గరకు తీసుకుపోయింది.

"తినొద్దు సిద్ధమ్మా."

"ఏమన్నా, పులుపా?"

"మందు కొట్టినాను. నాలుగు దినాలైంది."

వెనక నుంచి ధర్మేంద్ర అనే రైతు, "మరి నువ్వు నోట్లో ఏసుకుంటివే అబ్బా," అన్నాడు.

గోవిందస్వామి పండును అరచేతిలోకి ఉమ్మాడు. పదేళ్లు పెంచిన మట్టిలో దాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు.

సిద్ధమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. "ఆచారం తప్పగూడదు. మా తోటకు పోదాం రాండి."

అందరూ ఆమె వెంట గెనిమ గట్టు మీద నడిచారు. ఆమె ఆగి వెనక్కి తిరిగింది. "నువ్వూ రాన్నా. నేర్పించినోడివి నువ్వే గదా."

తిట్టి ఉంటే ఆయన కొంచెం తేలిగ్గా నడిచేవాడు. గుప్పిట్లో పండుతోనే వెళ్లాడు. అక్కడ సిద్ధమ్మ కడగని గుత్తి అందించినప్పుడు, ముందు చెయ్యి కడుక్కుంటానని నీళ్లడిగాడు.