దుమ్మును కూర్చోనివ్వాలి

పక్కింటి కాక పోయాడన్న కబురు నాకు నిచ్చెన మీద ఉండగా అందింది. కొత్త రాష్ట్రం వచ్చిన సంబరంలో గోదావరిఖని చౌరస్తా నిండా ఫ్లెక్సీలు కడుతున్న రోజులవి. కింద పంక్చర్ షాపు అతను ఫోను చెవి దగ్గర పెట్టుకునే, "అన్నా, దిగు. కాక పోయిండట, దవాఖానల" అన్నాడు. దిగాను. మళ్ళీ ఎక్కి, సగంలో వదిలేసిన తాడుకు ముడి వేసి, మళ్ళీ దిగాను. ఎందుకు ఎక్కానో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మొదలు నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేవబుద్ధి అవుతుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. ఇది రాస్తే కొంచెం కుదుటపడతానేమోనని రాస్తున్నాను.

కాక అంటే బాబాయి వరస, పిలుపే గానీ రక్తసంబంధం కాదు. మా రెండిళ్ళకూ మధ్యగోడ ఒక్కటే, అంతే. ఆయన బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. నేను బోర్డులు రాసే పెయింటర్‌ని. ఫ్లెక్సీలు వచ్చి నా బ్రష్షుల నోట్లో మట్టి కొట్టాక, ఆ ఫ్లెక్సీలే కట్టుకుంటూ బతుకుతున్నాను. కాక రిటైరయ్యాక కూడా కుదురుగా కూర్చున్నది లేదు. మొదటి షిఫ్టు సైరన్ మోగగానే లేచి చెప్పులు వేసుకునేవాడు. వేసుకున్నాక గుర్తొచ్చి విడిచేవాడు. ఎవరింటికి వెళ్ళినా చేతికర్రతో పైన స్లాబును రెండు దెబ్బలు కొట్టి, తల వంచి వినేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుందట, డొల్ల కప్పు గుబుక్కుమంటుందట. "కప్పు మాట్లాడ్తది కొడుకా, మనమే ఇనం" అనేవాడు. నా దుకాణం రేకుల్నీ వదల్లేదు. రేకులు మాట్లాడతాయా, తిడతాయి గానీ.

ఆయన ఇల్లాలిని నేను చిన్నమ్మ అంటాను. ఆమె తీరు వేరు. షిఫ్టు దిగే సైరన్ మోగితే ఎక్కడి పని అక్కడ వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కాక డ్యూటీ చేసినన్నాళ్ళూ అంతే. వింత ఏమిటంటే, ఆయన రిటైరై లోపల మంచం మీద కూర్చుని చాయ తాగుతున్నా, సైరన్ వినగానే ఆమె గుమ్మంలోకి వచ్చేది. మేం నవ్వితే తనూ నవ్వేది కానీ కాళ్ళు మాత్రం ఆగేవి కావు. ఆమె ఎన్నడూ బాయిలోకి దిగలేదు. ఆడవాళ్ళను దింపేవాళ్ళు కాదు. ఆమె మనసులో బాయి అంటే నల్లటి చీకటి, అందులో ఎక్కడో ఆయన. అంతకు మించి ఏమీ లేదు.

కాకకు అదే పట్టుకుంది. తాను జీవితమంతా పనిచేసిన చోటు ఇంట్లో మనిషికి తెలియకుండా పోతుందని, పైగా లేని చీకటిని తలుచుకుని ఆమె ఇంకా ఉలిక్కిపడుతూనే ఉందని ఆయన దిగులు. బాయి నమూనా ఒకటి చేసి ఆమె ముందు పెట్టాలనుకున్నాడు. ఆమె ముందే చెప్పేసింది. "ఒక్క బాయి సాలదా, ఇంట్లకు గూడ తెస్తవా? నేనైతే సూడ." ఆ మాటతో ఆయన పట్టు ఇంకా బిగిసింది.

చేతిపని ఆయనకు బాగా వచ్చు. బారెడు ప్లైవుడ్ పెట్టె చేసి, ఒకవైపు తెరిచి, లోపల సొరంగం తీర్చాడు. సైకిల్ చువ్వలు పట్టాలయ్యాయి, డబ్బా రేకు వాటి మీద నడిచే బొగ్గు టబ్బయింది. వెదురు పుల్లలు చిటికెన వేలంత దుంగలై కప్పును మోస్తున్నాయి. గోడలకు గమ్ము రాసి నిజం బొగ్గుపొడే అద్దాడు. ఒక దుంగ పక్కన మైనంతో చేసిన మనిషిని నిలబెట్టాడు. మొహం చెక్కలేదు గానీ నెత్తిన టోపీ, టోపీకి లైటు ఉన్నాయి. నేను చూసి, అయిపోయింది కదా కాకా అన్నాను. అసలు పని ఇప్పుడే మొదలన్నాడు.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. బాయి లోపల నల్లగా ఉండదు. గాలిలో లేచే బొగ్గుపొడికి నిప్పంటుకుంటే ప్రమాదమని సున్నపురాయి పొడిని గోడలకూ కప్పుకూ నేలకూ చల్లుతారు. అది చల్లిన సొరంగాలు లైటు పడితే వెన్నెల పట్టినట్టు ఉంటాయని కాక అనేవాడు. ఆ తెలుపు చూపించాలని ఆయన తపన. అసలు రాయిపొడినే జల్లి చూశాడు. సగం రాలిపోయింది, మిగతాది పిండిముద్దలా కనిపించింది, పైగా ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆయన ఊపిరితిత్తుల్లో అప్పటికే దుమ్ము కాపురం ఉంది. అప్పుడు పెయింటర్‌గా నన్ను పిలిచాడు.

నా బ్రష్షు మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. పొద్దంతా కూర్చుని ఓ మూల గోడకు తెలుపు దిద్దాను. కాక అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. "బాయికి పెండ్లి జేస్తున్నవా కొడుకా? పండుగకు సున్నమేసిన ఇల్లు లెక్కుంది" అన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ మాట నిజమే. అప్పుడాయన చెప్పిన మాట ఈ పనిలో నేను విన్న మాటలన్నిట్లో మంచి మాట. "దుమ్మును పూయద్దు. కూసోనియ్యాలె."

దుమ్ము తనంతట తాను కూర్చోవాలంటే రంగును గాలితో పంపాలి. గోడలకు కొట్టే స్ప్రేగన్ను ఈ పెట్టె ముందు ఏనుగే. పంక్చర్ షాపు గాలితో ఒకసారి ప్రయత్నిస్తే గోడకు అద్దిన బొగ్గంతా లేచిపోయి కాక మీసాల మీద కూర్చుంది. ఆయన ఆ మీసాలతోనే బజారంతా నడిచొచ్చాడు. మళ్ళీ డ్యూటీకి పోతున్నావా అని దోస్తులు అడిగితే, అవునన్నాడట.

కావలసింది ఎయిర్‌బ్రష్, అంటే పెన్నులా చేతిలో ఇమిడే చిన్న గన్ను. కాక దాన్ని చివరిదాకా 'పిచికారి' అనే అన్నాడు. కొందామని రామగుండం స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్ పోయాం. దారి పొడుగునా ఆయన ఒక్కచోట కూర్చోలేదు. నా సీటు కూడా ఆయన సామానుకే సరిపోయింది. దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి సీసా కింద వేలాడేది, మీట నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. చవక. ఇంకొకటి పైన చిన్న గిన్నె ఉండేది, మీట నొక్కితే గాలి, వెనక్కి లాగినకొద్దీ రంగు. నేను చవకదే చాలన్నాను. కాక రెండింట్లోనూ నీళ్ళు పోయించి తన అరచేతి వెనక కొట్టుకుని చూశాడు. గిన్నెది తక్కువ గాలితోనే పనిచేస్తుంది, ఎక్కువ గాలి ఉంటే మళ్ళీ బొగ్గు లేస్తుంది, అంచేత అదే తీసుకుందామన్నాడు. విదేశీ పేర్లున్న ఖరీదైనవి పక్కకు పెట్టించి, గిన్నె రకంలోనే మామూలుది ఎంచాడు. పేరు కోసం కాదు, పని కోసం కొనాలనే పాఠం నాకు ఆ దుకాణంలోనే ఒంటబట్టింది.

కంప్రెసర్ మాత్రం అక్కడ కొనలేదు. దుకాణంలోది స్విచ్చు వేయగానే గుండె అదిరేలా అరిచింది. కాక వెంటనే తల అడ్డంగా ఊపాడు. చిన్నమ్మకు పెద్ద చప్పుళ్ళు పడవు. తిరిగొచ్చాక ఫ్రిజ్ మెకానిక్ దగ్గర పాత ఫ్రిజ్ కంప్రెసర్ సంపాదించాం. అది పిల్లి గురకపెట్టినట్టు నడుస్తుంది. గాలి కుదుపులు లేకుండా రావడానికి మధ్యలో లారీ ట్యూబు పెట్టాం. ముందు ట్యూబు నిండుతుంది, దాన్నుంచి గన్నుకు సమంగా గాలి అందుతుంది. కంప్రెసర్ గాలితో పాటు నూనె చుక్కలూ వస్తున్నాయని తెలిసి, దారిలో చిన్న ఇనప డబ్బా కట్టి అందులో దూది కుక్కాం. ఇదంతా ముందుగదిలో పరిచేసరికి చిన్నమ్మ చాట పట్టుకుని నడవడానికి జాగా లేక, లారీ కూడా తెచ్చి పెట్టుకోమంది.

రంగు దగ్గర దెబ్బతిన్నాం. నాకు అలవాటైన ఎనామిల్‌నే థిన్నర్ కలిపి గన్నులో పోశాను. రంగు అందంగానే పడింది. కానీ ఆ వాసనకు కాక ఉక్కిరిబిక్కిరై గోడ పట్టుకున్నాడు, దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. చిన్నమ్మ థిన్నర్ సీసాను మోరీలో పారబోసి నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన కాక, నీళ్ళతో కలిసే రంగు చూడమన్నాడు. మానుకుందామని నేనంటే, ఆమె బాయిని చూడకుండా తాను పోయేట్టున్నానని, జల్దీ చేయమని అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు, నాకు నవ్వు రాలేదు.

గోడలకు వేసే డిస్టెంపర్ గన్ను సన్న రంధ్రంలో అడ్డుపడింది. చివరికి బడిపిల్లల స్టేషనరీ దుకాణంలో దొరికే ఆక్రిలిక్ తెలుపును పాలంత పలచగా కలిపి, త్వరగా ఆరి గన్ను మూతి మూసుకుపోకుండా రెండు చుక్కల గ్లిజరిన్ వేసి, చిన్నమ్మ పాత నైలాన్ చీర ముక్కలో వడగట్టాం. ఆ ముక్క చిన్నమ్మే చింపి ఇచ్చింది. ఎందుకిచ్చిందో అడగలేదు.

తర్వాత ఆయన నన్ను గన్ను ముట్టుకోనివ్వలేదు. రోజూ పొద్దున కిటికీలు తెరిచి, తడి తువాల మూతికి కట్టుకుని, కొంచెం కొంచెంగా కొట్టేవాడు. తెలుపులో చిటికెడు బూడిదరంగు కలిపేవాడు. అంత నిలకడ లేని మనిషి చేయి అప్పుడు మాత్రం కదిలేది కాదు. చూస్తుండగానే బొగ్గు మీద పలచగా ఏదో దిగినట్టయ్యేది. దుంగల పైభాగాన ఎక్కువ, కింద తక్కువ, మనిషి భుజాల మీద కొంచెం. దూరపు కొసనుంచి మొదలుపెట్టి, నిలబడ్డ ఆ మనిషి దాకా వచ్చాడు. ఆ వారమే ఊపిరి అందక దవాఖానలో చేరాడు, మళ్ళీ ఇంటికి రాలేదు. నేను చివరిసారి చూడ్డానికి వెళ్తే, మాస్కు పక్కకు జరిపి, గన్ను కడిగి పెట్టినవా అని అడిగాడు. కడిగానన్నాను. మాస్కు సర్దుకుని పడుకున్నాడు.

పెట్టెలో ఇవతలి సగం అట్లాగే నల్లగా ఉండిపోయింది. దినాలైన మర్నాడు చిన్నమ్మ నన్ను పిలిచి, పెట్టె మీది గుడ్డ తీయమంది. కాక అమర్చిన చిన్న బల్బు వెలిగించాను. ఆమె నేల మీద కూర్చుని, తల వంచి లోపలికి చూసింది. తర్వాత, "గీయన ఆయననేనా?" అని అడిగింది. అవునన్నాను. "గింత తెల్లగుంటదా లోపల" అని తనలో తనే అనుకుంది. "ఇన్నాళ్ళూ నాకు జెప్పబట్టె, నేనే ఇనకపోతిని" అని కళ్ళు తుడుచుకుంది. ఏదో ఒకటి చేస్తే తప్ప అక్కడ ఉండలేననిపించి, మిగతా సగం పూర్తిచేస్తానన్నాను. తెలుపు కలిపాను, వడగట్టాను, కంప్రెసర్ వేశాను. ట్యూబు నిండింది. గన్ను చేతికి తీసుకుని మీట మీద వేలు పెట్టాను.

చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్యి కొడుకా. అటు దిక్కు ఆయన జూసిన బాయి. ఇటు దిక్కు నేను జూసిన బాయి. రెండూ ఉండనియ్యి."

గన్ను దించాను. స్విచ్చు తీసేశాను. ట్యూబులోని గాలి సన్నగా శబ్దం చేస్తూ పోతూ ఉంది. అంతలో మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగింది. అలవాటుగా నేనే గుమ్మం వైపు చూశాను. చిన్నమ్మ లేవలేదు. పెట్టె అంచు మీద చేయి వేసి, నలుపూ తెలుపూ కలిసేచోట నిలబడ్డ ఆ మొహం లేని మనిషిని చూస్తూ, సైరన్ ఆగేదాకా అక్కడే కూర్చుంది.