మెడ పదిహేను, మింగిన మాట కాక

దర్జీ అన్న పోయి మూడు నెలలైంది. యాభైనాలుగేళ్ళూ ఒంటికాయ శొంఠికొమ్ములా బతికాడని చుట్టాలన్నారు. చెల్లెలూ అలాగే అనుకుంది. మెడలో టేపు, చెవిమీద పెన్సిలు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదుల వల్లే ఆయనకు మాట తక్కువని ఆమె వేళాకోళం చేసేది. కొట్టు ఖాళీ చేసినప్పుడు ఆయన కొలతల చీటీలు రెండు సంచులకెత్తి ఇంటికి తెచ్చుకుంది. పారేయడానికి చేతులు రాలేదు.

ఆ చీటీల కోసం ఒక అమ్మాయి వచ్చింది. గ్రంథాలయం మేడమీది గదిలో కొందరు ఆదివారాలు కూర్చుని కవితలు చదువుకుంటారట. అన్న ఆరేళ్ళుగా అక్కడికి వెళ్ళేవాడట. చెల్లెలికి మాత్రం బట్టల బజారుకనే చెప్పేవాడు.

అమ్మాయి సంచి వెతికి ఒక చీటీ తీసింది. "ఆయన మా దగ్గర చదివింది ఇదేనమ్మా. రేపు మా పుస్తకం అచ్చుకి పోతోంది. మీరు సరేనంటే ఆయన పేరుతో వేస్తాం."

చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. 'ఛాతీ నలభై భుజం పదిహేడున్నర మెడ పదిహేను మింగిన మాట కాక చెయ్యి ఇరవైనాలుగు నన్ను చేరడానికి ఇంకో అంగుళం కొలుస్తున్నంతసేపూ ఎవరూ ఏమీ అనరు.'

"ఇది ఎవరి చొక్కాదో తల్లీ. చెయ్యి అంగుళం పెంచాలని రాసుకున్నాడు."

"కాదమ్మా, కవితే. మాలాంటివాళ్ళం చాలామంది ఇలాగే రాస్తాం."

"మీలాంటివాళ్ళంటే?"

"ఆడపిల్లనే ఇష్టపడే ఆడపిల్లని నేను. మీ అన్నయ్యగారు మగవాణ్ణి ఇష్టపడ్డారు."

"ఆయనకి సంబంధాలు కుదరలేదు, అంతే," అంది చెల్లెలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అమ్మాయి వాదించలేదు. "ఇష్టపడ్డవాళ్ళ పేరు రాయం. ఒంటి గురించి చెప్పాలంటే ఇంకేదో వస్తువు మీద పెట్టి చెప్తాం. అసలు మాట ఖాళీలో దాస్తాం."

"భయానికా?"

"మొదట భయానికే. తర్వాత అందులోనే ఒక అందం కనబడింది."

పక్కగదిలోంచి చెల్లెలి భర్త కేకేశాడు. "ఇంకేం, పోయినవాణ్ణి కూడా బజారుకీడ్చండి!"

సాయంత్రానికల్లా చెప్తానని అమ్మాయిని పంపేసింది గానీ ఆమెకు కాలు నిలవలేదు. వద్దంటే అన్న నోరు తనే మూసినట్టు. సరేనంటే ఆయన దాచుకున్నది తనే వీధిలో ఆరేసినట్టు. అన్న పోయినప్పుడు నాలుగు రోజులు కొట్టు మూసినవాడు అన్న కొట్టు పక్క ఇస్త్రీ అతనొక్కడే. జ్వరమేమో అనుకుంది అప్పట్లో.

చీటీ తీసుకుని, చెప్పులేసుకుని ఇస్త్రీ కొట్టుకి వెళ్ళింది. అతను చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు.

"ఏమయ్యా, నీ మెడ ఎంత?"

"పదిహేనమ్మా. ఏం?"

ఆమె చీటీ విప్పి చదివేసింది. అతను పెట్టె పక్కన పెట్టాడు.

"అలా ఏకబిగిన చదవకూడదమ్మా. మెడ పదిహేను దగ్గర ఆగాలి. ఆగి, ఆయన నా వైపు చూసేవాడు. మిగతాది ఆ తర్వాతే."

ఆమె మళ్ళీ చదివింది. మెడ పదిహేను దగ్గర ఆగింది. ఆగాక ఏం చెయ్యాలో తోచక అతనివైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"అచ్చు వెయ్యమంటావా, వద్దంటావా?"

"నన్నడుగుతారేంటమ్మా? అయినవాళ్ళు మీరు."

"నాకు ఆయన బట్టల బజారుకెళ్తాడనే తెలుసయ్యా. నువ్వే చెప్పాలి."

అతను ఆ కాలరునే మూడుసార్లు సాపు చేశాడు. "వెయ్యమనండి. పేరు ఆయనదే పెట్టమనండి. నా ఊసొద్దు. కొలతలున్నాయిగా."

ఆమె ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్‌లో సరేనంది. భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎవర్నడిగి సరేనన్నావ్?"

"అడగాల్సినవాళ్ళనే అడిగాను."

"అంటే ఎవరు?"

చెప్పబోయింది, వరస నోటికి రాలేదు. అన్న భార్య అయితే వదిన. మరి ఇతను? బావ కాడు, మరిది కాడు. తనకున్న పిలుపులన్నీ ఒక్కొక్కటే వేసి చూసుకుంది. ఏదీ అతనికి పట్టలేదు.

"మనవాళ్ళే," అంది చివరికి.

అది సరైన మాటేనా అన్నది ఆమెకు ఇప్పటికీ తేలలేదు.