కడిగి పెట్టిన సూది

మా రూములో నిజాయితీపరుడెవరని ఎవరైనా అడిగితే కడప తమ్ముణ్ణే చూపిస్తాను. ఎవరి వస్తువు తీసుకున్నా కడిగి, తుడిచి, తీసినచోటే పెట్టేవాడు. ఆ గుణం వల్లే ఒక శుక్రవారం మధ్యాహ్నం అతని పన్ను విరిగింది, నా ముక్కు దిశ మార్చుకుంది, అయిదుగురు తినాల్సిన బిర్యానీ బొగ్గయింది.

మా క్యాంపు మస్కట్‌లో, ఘాలా అనేచోట, గ్యారేజీల వెనక. రెండంతస్తుల మంచాలు. పై మంచం మీదివాడు తుమ్మితే కింది మంచం మీదివాడు భూకంపమని లేచి చెప్పులు వెతుక్కునేవాడు. ఏసీ ఉంది. దాని మోతకు ఒమాన్ ఆ చివరనున్న సలాలాలో కొబ్బరికాయలు రాలి ఉంటాయని నా అనుమానం. నేను స్టోర్ కీపర్ని. కంపెనీ ఒకసారి నన్ను ఫస్ట్ ఎయిడ్ క్లాసుకు పంపింది. గుండె నొక్కి మనిషిని బతికించడం ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్పారు. బొమ్మ దక్కలేదు గానీ నాకు సర్టిఫికెట్ దక్కింది. అప్పట్నించి క్యాంపంతా నన్ను డాక్టర్ సాబ్ అనే పిలుస్తారు. మా గోదావరి జిల్లాలో ఈ మాట వింటే మా ఆవిడ నవ్వలేక మంచం పట్టేస్తుంది.

మాకు వండిపెట్టే కాక జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి. ఒంట్లో షుగరెంతో నాలుక మీద కారమంత. ఆయన ఉల్లిపాయలు కోస్తుంటే కన్నీళ్లు ఉల్లిపాయలకే వచ్చేవి. పూటపూటకీ పొట్ట మీద ఇన్సులిన్ పొడుచుకునేవాడు. ఒక్కసారి వాడి పారేయమని ప్యాకెట్టు మీద బొమ్మ వేసి మరీ చెప్పినా, సూది మొద్దుబారి చర్మం మీద జారేదాకా అదే సిరంజి వాడేవాడు. మనవాళ్లలో ఇదేమీ వింత కాదు. ఆ సిరంజిని ఫ్రిజ్ తలుపులో, ఖాళీ పచ్చడి సీసాలో నిలబెట్టేవాడు. పేస్టూ పౌడరూ చివరికి గడ్డం గీసుకునే రేజరూ కూడా అందరివైన ఆ రూములో ఆ సీసా ఒక్కటే ఆయన సొంతం. అది ఆయన నమ్మకం.

కడప తమ్ముడు స్కాఫోల్డింగ్ పనివాడు, పరంజాలు కట్టేవాడు. ఓ సైట్లో నడుం పట్టేసింది. నొప్పి మాత్రలతో మొదలైనది ఏ గ్యారేజీ సందులోనో మత్తు సూది దాకా వెళ్లింది. మాకు తెలియదు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పకపోతే సిగ్గరి అనుకున్నాం. ఒమాన్ ఎండకు బల్లులే చర్మం విప్పి పక్కన పెట్టేయాలని చూస్తాయి, మనిషికి అంత సిగ్గేమిటని ఒక్కడికీ తోచలేదు.

ఆ శుక్రవారం బిర్యానీ దమ్ము మీద ఉంది. కాక సూది వేసుకుందామని ఫ్రిజ్ తెరిచాడు. తెరిచినవాడు అలాగే నిలబడిపోయాడు.

"డాక్టర్ సాబ్, ఇటు రా. గీ సూదిల ఎర్రగ ఏందిది?"

చూశాను. సిరంజి లోపల, సూది మొదట్లో, దారపు పోగంత ఎరుపు.

"తుప్పేమో కాకా," అన్నాను.

"ప్లాస్టిక్‌కు తుప్పు పడ్తదా? ఏం డాక్టర్‌వయ్యా నువ్వు. నేను పొట్టకు పొడుసుకుంట. ఎన్నడన్న నెత్తురు లోపటికి గుంజిన్నా?"

పై మంచం మీంచి కడప తమ్ముడు తల వంచి, పొరపాటున ఒకరి చెప్పులు వేసుకెళ్లినవాడు చెప్పినంత మర్యాదగా చెప్పాడు. "అది నాదిలే కాకా. దినామూ కడిగే పెడతాండా. ఈ పొద్దు ట్యాంకులో నీళ్లు లేవు, అందరూ గుడ్డలుతుక్కున్యారు. రొంత మిగిలినట్టుండాది."

ఏసీ కూడా ఒక్క క్షణం ఆగి విన్నదనుకుంటాను.

"నీదేంది? నీకు షుగరున్నదా?"

అతను దిగి వచ్చి చొక్కా చేయి పైకి మడిచాడు. ఆ చేయి చూశాక ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. సందులో తెలిసినవాళ్ల దగ్గర సూది దొరకని రోజుల్లో కాక సూది తీసుకునేవాడట. "నేను దొంగతనం జెయ్యలే కాకా. తీసుకుంటాండా, కడిగి పెడతాండా. ఒగ దినమన్నా సీసా ఖాళీగా ఉండిందా చెప్పు."

కాక బతాకా రెన్యువల్ దగ్గర పడింది. బతాకా అంటే మనం ఈ దేశంలో ఉన్నామని సర్కారు ఒప్పుకునే కార్డు. దానికి మెడికల్, మెడికల్‌కి రక్తం. రక్తంలో తేడా వస్తే విమానం ఎక్కించేస్తారని క్యాంపులో ప్రతివాడూ ఇంకొకడికి చెప్పేవాడు. కాక మొహంలో ఆ విమానం కనబడింది. తర్వాత చపాతీ కర్ర కనబడింది.

ఆ కర్ర గురించి చెప్పాలి. ఒక మోస్తరు పల్లెకు కరెంటు స్తంభంగా నిలబెట్టొచ్చు. దాంతో కాక అతని భుజం మీద వేశాడు. మామిడికాయ మీద కత్తిపీట పడినప్పటి చప్పుడు. రెండోది మోచేతి మీద. మూడోదానికి అతను కింద పడ్డాడు. "నా నెత్తురు ఖరాబు జేస్తివి గదరా. నా శేతి బువ్వ ఇగ ఎవడు తింటడు?" అంటూ కాక కొడుతున్నాడు, ప్రతి మాటకీ ఒకటి. ఆయనది సుదీర్ఘ వాక్యాలు మాట్లాడే అలవాటు, అదే వచ్చిన చిక్కు.

చప్పుడు విని మా క్రేన్ ఆపరేటర్ వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. గుమ్మంలోంచి నేరుగా రాలేక పక్కకు తిరిగి వస్తాడు. "ఏటయింది కాకా," అన్నాడు. కాక ఒక్క ముక్కలో చెప్పాడు. అతను పిడికిలి బిగించి కడప తమ్ముడి మూతి మీద గుద్దాడు. పన్ను విరిగింది. పక్క రూములోంచి వెల్డర్ వచ్చి, ఎందుకో కూడా అడక్కుండా, అందరూ కొడుతున్నారు కదా అని పక్కటెముకల్లో తన్నాడు. ఫ్రిజ్ తలుపు ఊడింది. గోడ మీద నెత్తురు చిమ్మింది. కడప తమ్ముడు చేతులు అడ్డం పెట్టుకోవడం కూడా మానేసి, ప్రతి దెబ్బకీ "కడిగినా కాకా, కడిగినా" అంటున్నాడు.

నేను మధ్యలో దూరాను. ధైర్యం కాదు, సర్టిఫికెట్. కాక మోచేయి నా ముక్కుకు తగిలింది, కళ్ల ముందు మస్కట్ కార్నిష్‌లో సముద్రపు ఒడ్డు దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఆ వెలుతురులోనే క్లాసులో చెప్పిన ఒక్క ముక్క గుర్తొచ్చింది.

"ఆగండి. మీ చేతులు చూసుకోండి," అన్నాను.

చూసుకున్నారు. క్రేన్ ఆపరేటర్ పిడికిలి మీద పన్ను దిగిన గాటు, నోరు తెరిచి ఉంది. వెల్డర్ కాలి మీద పాత కాలినపుండు పగిలింది. కాక వేళ్లు ఉల్లిపాయల కత్తిగాట్లతో ముందే చిల్లులు. కాకకు మోచేతుల దాకా, మిగతా ఇద్దరికీ గాయాల మీదా అతని రక్తం.

"ఇందాక భయపడాల్సింది కాక ఒక్కడే," అన్నాను, నెత్తురు కారుతున్న నా ముక్కు పట్టుకుని. "ఇప్పుడు నలుగురం."

ఇలా చెబితే మనుషులు శాంతిస్తారని క్లాసులో చెప్పారు. క్లాసు చెప్పినాయన మా రూముకు రాలేదు. క్రేన్ ఆపరేటర్ గాటుకేసి చూసి, కడప తమ్ముడికేసి చూసి, "అయితే నాను సచ్చిపోతానేటి? మరి ఈడెందుకు బతకాల?" అని గ్యాస్ సిలిండర్ స్పానర్ ఎత్తాడు. ఈసారి అతన్ని ఆపింది కాకే, అదే చపాతీ కర్రతో, అతని మోకాలి మీద. "నేను కొట్టాలె. సూది నాది," అన్నాడు.

సబ్బు, మంచినీళ్ల క్యాన్లు తెచ్చి అందరి చేతులూ గాయాలూ కడిగించాను. క్రేన్ ఆపరేటర్ బాత్రూంలోకెళ్లి నేల కడిగే బ్లీచింగ్ నీళ్లు గాటు మీద పోసుకుని పెట్టిన కేక ఎక్కడో ఉన్న బహ్లా ఊరి ఖర్జూరం తోటల్లో పక్షులకు కూడా నిద్ర చెడగొట్టి ఉంటుంది. అప్పటికి బిర్యానీ పొగ రూమంతా కమ్మింది. ఎవరూ పొయ్యి ఆపలేదు.

కంపెనీ పికప్‌లో క్లినిక్‌కి బయల్దేరాం. ముందు నేనూ వెల్డరూ. వెనక సీట్లో ఇటు కాక, అటు క్రేన్ ఆపరేటర్, మధ్యలో కడప తమ్ముడు, వాళ్లిద్దరి మోచేతులు అతని పక్కటెముకల్లో. ప్రతి రౌండబౌట్ దగ్గరా బండి ఒరిగినప్పుడల్లా అటువాడో ఇటువాడో ఒకటి వేసేవాడు. మస్కట్‌లో రౌండబౌట్లు ఎక్కువని అంతకుముందు నేను ఇంత బాధపడలేదు.

క్లినిక్‌లో మలయాళీ సిస్టర్ మా అయిదుగురినీ వరసగా చూసి హిందీలో అడిగింది. "ఏమైంది?"

"మెట్ల మీద పడ్డాం," అన్నాను.

"అయిదుగురూ ఒకే మెట్టు మీదా?"

"పెద్ద మెట్టండి."

ఆవిడ తలుపు వేసి, ఈ గదిలో మాట బయటికి వెళ్లదని చెప్పి, కడప తమ్ముడి చొక్కా చేయి తనే మడిచి చూసింది. పుండ్లు తుడిచి మందు రాసింది. ఆ నిమిషంలో అతను ఏడ్చాడు. అంత దెబ్బల్లో రాని ఏడుపు.

తిట్లన్నీ మాకోసం దాచిపెట్టింది. నీళ్లతో కడిగినంత మాత్రాన సూదిలో రక్తం పోదంది. కంటికి కనబడనంత మిగిలినా చాలంది, హెపటైటిస్ సీ అయితే సిరంజిలో రోజుల తరబడి బతికే ఉంటుందంది. సూదే కాదు, మందు కలిపే చెంచా, నీళ్లు, దూది ఏదీ ఇంకొకరితో పంచుకోకూడదంది. బ్లీచింగ్ పోసుకున్నవాణ్ణి చూసి, గాయాన్ని సబ్బునీళ్లతో కడగాలి గానీ మరుగుదొడ్డిలా కాదంది. అందరూ ఒకటే రేజర్ వాడుతున్నామని తెలిసి కళ్లు మూసుకుంది. చివరికి కాక వైపు తిరిగింది.

"మీరు ఒక సిరంజి ఎన్నాళ్లు వాడతారు?"

"మొద్దువారె దాంక," అన్నాడు కాక గర్వంగా.

"మీరు వాడిన వెంటనే పారేసి ఉంటే అతను తీసుకోవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు."

కాక తన వేళ్ల మీది గాట్లు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు.

కడప తమ్ముడి రక్తంలో హెచ్ఐవీ లేదు, హెపటైటిస్ సీ ఉంది. సందులో వాళ్ల సూదుల నుంచి వచ్చి ఉంటుంది. దానికి మందులున్నాయి, మూడు నెలల మాత్రలు, చాలామందికి పూర్తిగా పోతుందని సిస్టర్ చెప్పింది. మా నలుగురికీ ఆ రోజు ఏమీ కనబడలేదు. కానీ కొత్తగా వచ్చింది వెంటనే కనబడదట, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడాలంది. ముందు జాగ్రత్తగా మింగడానికి దీనికి మందు లేదట, ఎదురుచూడటమే. కాకకు ఎదురుచూడమని చెప్పడమంటే ప్రెషర్ కుక్కర్‌కు ఈల వేయొద్దని చెప్పడమే.

మత్తు మాన్పించే ఆసుపత్రిలో కడప తమ్ముడికి చోటు దొరికేదాకా అతనికి కొత్త సిరంజిలు నేనే ఫార్మసీలో కొన్నాను. కాక మండిపడ్డాడు.

"తాగెటోనికి గ్లాసులు కొనిస్తున్నవా డాక్టర్ సాబ్?"

"నీ గ్లాసు ముట్టుకోకుండా ఉండటానికే కాకా."

వంట నూనె డబ్బా మూతకు చిల్లు పెట్టి టేపు చుట్టాను. కాకా, కడప తమ్ముడూ సూదులు వాడిన వెంటనే అందులో వేసేవారు, నిండితే సిస్టర్ తీసుకునేది. రేజర్లు ఎవరివి వాళ్లవయ్యాయి. గడ్డాలతో రూమంతా మునుల ఆశ్రమంలా ఉండేది ఆ కొన్ని వారాలు, ఎందుకంటే ఎవడికి వాడు కొనుక్కోవడానికి బద్ధకం.

రూములో యుద్ధం మాత్రం ఆగలేదు. క్రేన్ ఆపరేటర్ బయటినుంచి పరాటాలు తెచ్చుకున్నాడు. తిండి వల్ల రాదని సిస్టర్ చెప్పింది కదరా అంటే, "ఆయమ్మ కాక కూర తినదు కదా," అన్నాడు. కాక మరుగుతున్న పప్పు గిన్నెను గంటెతో సహా విసిరాడు. అతని వీపు మీద బొబ్బలు లేచాయి. అతను కాకను ఎత్తి మంచానికేసి కొట్టాడు. మంచం విరిగింది. కింద కూర్చుని ఆయాసపడుతూ కాక, "నా కూర తినకపోతే నేనెందుకున్నట్టురా ఈడ," అన్నాడు, ఎవరితోనో. క్రేన్ ఆపరేటర్ గోడ మీది పప్పును వేలితో తీసి నాకి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. మర్నాటి నుంచి మామూలుగానే తిన్నాడు.

రెండో పరీక్ష ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం కాకను నేనే తీసుకొచ్చాను. దారంతా ఆ కాగితాన్ని మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. రూములో కడప తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చి కింది మంచం మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు, పొట్టి చేతుల బనీను వేసుకున్నాడు. మా మొహాలు చూసి లేచి నిలబడ్డాడు.

"కాకా, ఏమొచ్చిండాది?"

కాక జవాబు చెప్పకుండా వంటగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు చేతుల్లో గిన్నెలు కడిగే పసుపుపచ్చ రబ్బరు గ్లౌజులు. ఒక్కో వేలూ సర్దుకుంటూ, పెళ్లికొడుకు ఉంగరాలు పెట్టుకున్నంత తీరిగ్గా తొడుక్కున్నాడు. గ్లౌజు వేళ్లకేసి ఒకసారి, అతని పెదవికేసి ఒకసారి, చిరుగో గాటో ఉందేమోనని చూసుకున్నాడు. తర్వాత లాగి చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకు క్రేన్ ఆపరేటర్ బాత్రూంలోంచి సబ్బు నురగతో బయటికొచ్చాడు.

"నాకేం రాలే," అన్నాడు కాక. "ఎవ్వలకేం రాలే."

కడప తమ్ముడు చెంప పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో విరిగిన పన్ను వల్ల తెలియలేదు. కాక గ్లౌజులు లోపలివైపు బయటికి వచ్చేలా ఊడదీసి చెత్తబుట్టలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, పచ్చడి సీసాలోంచి సూదికి బదులు ఆవకాయ తీసి కంచాలు పెట్టాడు.

"కూసోండ్రి," అన్నాడు. "బువ్వ సల్లారుతది."