పగులు మీద సున్నం

పక్కింటి గోడకు సున్నం వేస్తున్నారు. ఆ తడి వాసనకు గోదావరిఖనిలోని మా మట్టిల్లు గుర్తొచ్చింది.

నాయన గనిలో పనిచేసినా మాకు క్వార్టర్ దొరకలేదు. బస్తీలో సొంతిల్లు. ఆ ఏడు ముసురుకు వెనక గోడ పైనుంచి కిందిదాకా పగిలింది. మరమ్మతుకు సర్కారు పైసలిస్తుందని, గోడ చూడడానికి సారు వస్తాడని చెప్పి నాయన మొదటి షిఫ్టుకు పోయాడు.

"పెద్దమనిషి ఇంటికొస్తుంటే గోడ గిట్లనే ఉంచుతమా?" అంది నాయన తల్లి, మా బాపమ్మ. పగులులో మట్టి మెత్తి, పైన సున్నం పూసింది. గడపకు ఎర్రమట్టి జాజు పూసి ముగ్గేసింది. ఇల్లు ఇంత అందంగా ఉంది కదా, పైసలు ఎక్కువే ఇస్తారనుకున్నాను.

సారు గోడను తడిమాడు. వేళ్లకు సున్నం అంటింది.

"పగులు ఏదమ్మా?"

"లోపలున్నది బిడ్డా. నువ్వొస్తున్నవని మూసిన."

"కనవడకపోతే ఏమని రాయాలె?" అన్నాడాయన. బాపమ్మ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

పైసలు రాలేదు. ఎందుకు రాలేదో పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన నాయన, జరిగింది విని, తెల్లటి గోడ వైపు చాలాసేపు చూశాడు.

"మంచిగ చేసినవ్ అవ్వా," అన్నాడు తల్లితో.

తర్వాత ఆ గోడ పక్కనున్న ఆమె మంచాన్ని ఇవతలికి లాగి వేశాడు.