మంది పెరిగితే రోజులు

మెకానికల్ డిప్లొమా చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న ఆ మే నెలలో, మా చాల్ గ్యాలరీలో పిల్లలకు లెక్కలు చెప్పాను. ఎనభైల మధ్యకాలం. కామాటిపురాలో మాది మూడంతస్తుల చాల్, వరుస గదుల అద్దె ఇల్లు. అంతస్తుకు పద్నాలుగు గదులు, నాలుగు పాయిఖానాలు, స్నానాలకూ గిన్నెలు తోముకోవడానికీ ఒక మోరీ. గదుల ముందు గ్యాలరీ వెడల్పు కొలిచాను: మూడడుగుల తొమ్మిదంగుళాలు. పిల్లలు ఒకరి వెనక ఒకరు కూర్చుంటేనే మనుషులు నడవడానికి దారి ఉండేది.

నలుగురు వచ్చేవారు. ముగ్గురు వచ్చే ఏటి పాఠాలు ముందుగా చదువుకోవడానికి. నాలుగోది ఒక అమ్మాయి, ఆమె అవసరం వేరు. పన్నెండేళ్ళుంటాయి. మునిసిపల్ తెలుగు బడిలో ఏడో తరగతి లెక్కలు తప్పింది. జూన్‌లో బడి తెరిచే ముందు ఆ ఒక్క పరీక్ష మళ్ళీ రాయనిస్తామన్నారు. వాళ్ళ నాన్న పాలమూరు జిల్లా కూలి. బిల్డింగు పనులకు తిరుగుతూ, కూతుర్ని మా పక్క గదిలో తన అక్క దగ్గర ఉంచాడు. ఈసారి పన్వేల్ అవతల పెద్ద పని దొరికింది. అమ్మాయి పాసైతే అత్త దగ్గరే ఉండి ఎనిమిదిలో చేరుతుంది. తప్పితే ఆయన వెంట పోయి కూలీలకు వంట చేస్తుంది. ఆ మాట ఆయన గ్యాలరీలో నిలబడి, కోపమేమీ లేకుండా చెప్పాడు.

"నాకేం పగనా సార్? ఆడ ఇర్వైమందిమి ఉంటం. రొట్టెలు జేసెటోళ్లు లేరు. సదువు వస్తే సదువుకోమనుండ్రి, రాకుంటే నాతోని రమ్మనుండ్రి."

ఆమె చేత పాత లెక్కలన్నీ మళ్ళీ చేయించి తప్పులను వరుసగా రాసుకున్నాను. గుణకారాల్లో ఒకటి. భిన్నాల్లో రెండు. ఒకటి మారితే ఇంకొకటి ఎలా మారుతుందనే లెక్కల్లో పద్నాలుగు. దూరం పెరిగితే సమయం పెరిగే రకం, అంటే అనులోమం, అన్నీ ఒప్పు. ఒకటి పెరిగితే రెండోది తగ్గే రకం, విలోమం, అన్నీ తప్పు. ఆరుగురు ఒక గోడను పన్నెండు రోజుల్లో కడితే తొమ్మిదిమంది ఎన్ని రోజుల్లో కడతారు? ఎనిమిది రావాలి. ఆమెకు పద్దెనిమిది వచ్చింది.

వారం రోజులు సూత్రం చెప్పాను. పట్టికలు గీశాను, బాణాలు వేశాను. అడిగితే సూత్రం తడుముకోకుండా అప్పజెప్పేది. కొత్త లెక్క ఇస్తే మళ్ళీ రోజులు పెరిగేవి.

"అయిలా, దీంది ఉల్టా డోకా సార్," అన్నాడు ముందు కూర్చున్నవాడు. డోకా అంటే మరాఠీలో తల.

"నీది సీదా డోకానా? మొన్న ఉల్టా దిక్కు బస్సెక్కి దాదర్ వోయింది ఎవడ్రా?" అంది ఆమె, పలక మీంచి తల ఎత్తకుండా.

మొదటి రోజే అడగవలసిన ప్రశ్న ఆ రోజు అడిగాను. మనుషులు పెరిగితే రోజులెందుకు పెరగాలి?

"పెరుగుతయ్ గద సార్. మా నాయిన ఇంకొకనితోని పోతే పొద్దుగాల పోయి మాపటికొస్తడు. ఆరుగురు పోతే వారం. దివాలీ అయినంక ఇర్వైమంది వోయిండ్రు, హోలీకి గాని రాలే. ఎక్కువ మంది పోయి జల్దీ వచ్చుడు నేనెన్నడూ సూడలే."

ఆ అంకెలను నా నోటుబుక్కులో రాసి చూశాను. గ్రాఫు కాగితం మీద పెట్టినా పైకెక్కే గీతే వస్తుంది. ఆమె చూసిందాంట్లో తప్పు లేదు. పట్టికలో మూడో వరుస లేదు, అంతే: పని ఎంత అన్నది. పెద్ద పనికి ముకాదం, అంటే కూలీల మేస్త్రీ, ఎక్కువమందిని తీసుకుపోతాడు. పెద్ద పని కాబట్టే రోజులూ ఎక్కువ పడతాయి. పుస్తకంలో గోడ మారదు, కానీ ఆ సంగతి పుస్తకం ఎక్కడా చెప్పలేదు. నాకూ తట్టలేదు. మా నాన్న నాగ్‌పాడాలో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. పక్కన ఎంతమంది ఉన్నా సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉండేవాడు.

మే నెలలో కుళాయి నీళ్ళు పై అంతస్తులకు ఎక్కేవి కావు. కింది నుంచి మోసుకోవాలి. అత్త డ్రమ్ములో పన్నెండు హండాల నీళ్ళు పట్టేవి. ఆ డ్రమ్మునే లెక్కగా పెట్టాను. మరునాడు పొద్దున అమ్మాయి ఒక్కతే నింపింది: పన్నెండు ట్రిప్పులు. తరవాతి రోజు ఇద్దరు, తలా ఆరు. మూడో రోజు ముగ్గురు, తలా నాలుగు. నాలుగో రోజు నలుగురూ దిగారు. తలా మూడు సరిపోవాలి. కానీ చెక్కమెట్ల మీద ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు గుద్దుకుని నీళ్ళు ఒలకబోశారు. తలా నాలుగు పట్టాయి. అది కూడా రాసుకున్నాను.

"ఏం తమ్మీ, నా డ్రమ్ము నింపనీకెనా నువ్వు డిప్లొమా సదివింది?" అంది అత్త. "మంచిదే. రేపు సుత రాండ్రి."

అమ్మాయి హండా దించి డ్రమ్ము పక్కనే నిలబడింది. "నలుగురం మోసినా డ్రమ్ము గిదే గద సార్?"

"ఇదే."

"పుస్తకంల గోడ గూడ గట్లనే? మంది పెరిగితే గోడ పెరగదా?"

"పెరగదు. అదే గోడ."

"మరి ముందుగాల జెప్పొద్దా?"

చెప్పవలసిందే. ఆ సాయంత్రం పద్నాలుగు లెక్కల్లో పదకొండు సరిగ్గా చేసింది. మిగతా మూడింట్లోనూ తప్పులు భాగహారంలోనివే.

జూన్ రెండో వారంలో పరీక్ష రాసింది. పాసవడానికి ముప్ఫై అయిదు కావాలి, నలభై మూడు వచ్చాయి. వాళ్ళ నాన్న మార్కుల కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా కాసేపు చూశాడు. తరవాత కూతుర్ని అడిగాడు: "ఇర్వైమందిమి నాల్గు నెల్ల పని. పదిమందిమే పోతే?"

"గదే పనైతే ఎన్మిది నెల్లు."

"తప్పు. పదిమందే వస్తే ముకాదం పనే ఇయ్యడు."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. కాగితం మడిచి అక్క చేతికిచ్చాడు. "పిల్ల ఈడనే ఉండనీ. ఎనిమిదిల ఎయ్యి. రొట్టెలకు ఊర్ల నుంచి దీనమ్మను పిలిపిస్త."

ఊళ్ళో ఆవిడ దగ్గర ఇంకో ఇద్దరు చిన్నపిల్లలున్నారని అప్పుడే తెలిసింది. ఆయన నన్ను ఒక పోస్టు కార్డు రాసిపెట్టమన్నాడు. అమ్మాయి నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. నాయినతో పాటు పనికాడికి రావాలని, తమ్ముళ్ళను కూడా తీసుకురావాలని, తాను రావడం లేదని తల్లికి రాసింది. నేను చిరునామా సరిచూసి ఇచ్చాను.