తాతగారు ఆసిలోస్కోపు కొన్న వైనం

మా తాతగారు ఆనందరావుగారికి రాని పని ఒకటే, వద్దనడం. మలికిపురంలో బళ్ల కరెంటు పనులు చేసే షెడ్డు ఆయనది. ఎవరైనా రెండో టీ ఇస్తే వద్దనరు, మూడోదీ వద్దనరు. అలాంటి మనిషి ఆసిలోస్కోపు బేరానికి బయల్దేరుతుంటే మా మామ్మ గుమ్మంలోనే ప్రార్థన చేసింది.

ఆ అవసరం వీరబాబు వల్ల వచ్చింది. అతని స్కూలు వ్యాను పొద్దున్న బాగానే బయల్దేరి, ఇంజను వేడెక్కగానే పిల్లలతో సహా దారిలో ఆగిపోయేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. తాతగారి మీటరేమో అంతా బాగానే ఉందనేది. సోమవారానికి బాగవకపోతే బండిని అమలాపురం పట్టుకుపోతానని వీరబాబు మర్యాదగానే చెప్పాడు. అతను పోతే మిగతా వ్యాన్లూ పోతాయని తాతగారికి అన్నం సయించలేదు.

ఇంజను తిరుగుతోందో లేదో చెప్పే సెన్సార్ ఒకటుంటుంది. దాని కరెంటు రెప్పపాటు తెగితే మీటరుకి తెలియదు. ఆసిలోస్కోపైతే దాన్ని తెర మీద గీత గీసి చూపిస్తుంది. అంతవరకు నాకూ అర్థమైంది. ఇంటర్ సగంలో మానేసిన నేను ఫోనులో రకాలన్నీ చదివి వినిపించాక ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. చేతిలో పట్టేదట, లాప్‌టాప్‌కి తగిలించేదట. ఒక్క గీత చూపేది చవక, రెండు గీతలు పక్కపక్కన చూపేది ప్రియం.

"ఏది కొనాలే నిఖితా?" అన్నారు.

"మీకు నచ్చిన రంగుది కొనండి" అన్నాను. ఆయన నిజంగానే రంగులు చూశారు.

రాజోలు కొట్టాయన ఒక్క గీతది చాలన్నాడు. తాతగారు ఆయ్ అని ఒప్పేసుకున్నారు. మర్నాడు అమలాపురం కొట్టాయన తన దగ్గరున్నది ఇంకా మేలన్నాడు. అదీ ఒక్క గీతదే. దానికీ ఆయ్ అన్నారు. శనివారం రెండు పెట్టెలూ షెడ్డుకొచ్చాయి.

"ఈ డబ్బుకి రెండు గీతలదే వచ్చేది కదండీ" అంది మామ్మ.

"వచ్చేదేనే" అని ఒప్పేసుకున్నారు తాతగారు.

రాజోలుది వీరబాబు వ్యానుకి తగిలించి ఇంజను ఆన్ చేశారు. తెర మీద అలలు పరుగెత్తాయి. అవి మంచి అలలో చెడ్డ అలలో ఎవరికి తెలుసు? తాతగారు నన్ను చూశారు, నేను వీరబాబుని చూశాను, వీరబాబు వ్యానుని చూశాడు.

ఇంతలో తాతగారికి వేరే దిగులు పట్టుకుంది. అమలాపురం ఆయనది వాడకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనట. అందుకని దాన్ని తీసి, హారన్ బాగుకొచ్చిన చర్చి వ్యానుకి తగిలించారు. అదీ వీరబాబు బండి మోడలే. నేను రెండు తెరలనీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

మొదట రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంజన్లు వేడెక్కాక చర్చి వ్యాను అలలు అలాగే సాగాయి. వీరబాబు వ్యానువి మాత్రం మధ్యమధ్యలో తెగి అతుక్కుంటున్నాయి. ఒకసారి తెగినవి మరి అతుక్కోలేదు. వ్యాను ఆగిపోయింది.

"దొంగ దొరికాడండీ" అన్నాడు వీరబాబు.

సాయంత్రానికి కొత్త సెన్సార్ వేశారు. సోమవారం పిల్లల్ని దింపి, ఎక్కడా ఆగలేదని వీరబాబు ఫోన్ చేశాడు. మిగతా వ్యాన్లవాళ్లనీ పంపమంటారా అని అడిగాడు.

"ఆయ్" అన్నారు తాతగారు.

ఫోన్ పెట్టేసి రెండు ఆసిలోస్కోపులనీ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంతకీ దొంగని పట్టింది వీటిలో ఏదే?"