మెల్లగా మాట్లాడే నేను, గట్టిగా మాట్లాడే మేడమ్

మా ఆఫీసు పాంట్రీలో కొత్త మైక్రోవేవ్ పెట్టారు. అన్నం వేడెక్కాక అది సన్నగా, ఒకే స్థాయిలో కూత పెడుతుంది. మిగతావాళ్ళకు అది విసుగు. నాకు మాత్రం ఆ చప్పుడు చెవిన పడితే కొత్తగూడలో గాజు కిటికీ ఉన్న ఒక చిన్న గది, ఆ కిటికీకి అవతల కూర్చున్న రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో ఆవిడ మా మేనేజరు. కాకినాడ మనిషి. రెండు చెవులకూ వినికిడి యంత్రాలుండేవి. జుట్టు ముడి వేసుకునేవారు కనుక అవి అందరికీ కనిపించేవి. గదిలో మాట్లాడితే లిఫ్టు దాకా వినపడే గొంతు. సిద్దిపేట నుంచి వచ్చి నల్లగండ్లలో హాస్టల్లో ఉంటున్న నా మాటేమో పక్క కుర్చీ దాకా కూడా వెళ్ళేది కాదు. అందరూ బిడియమనుకున్నారు. నేను దాస్తున్న సంగతి వేరు. అప్పటికి ఏడాదిగా మనుషుల మాటలు గోడ అవతల నుంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి. మా అమ్మమ్మకు చిన్న వయసులోనే చెవులు పోయాయి. ఊళ్ళో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ‘చెవిటామె’ అంటేనే తెలిసేది. నన్నూ అలాగే పిలుస్తారేమోనన్న భయంతో పెదవుల కదలిక చూస్తూ రోజులు నెట్టుకొచ్చాను.

ఒకరోజు ఫోను మీటింగులో క్లయింటు ఒకటి అడిగితే నేను మరొకటి చెప్పాను. ఎవరో నవ్వారు. ఉద్యోగం మానేసి ఇంటికి పోదామని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికి సాయంత్రం ఆవిడ గదికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆవిడే అడిగారు.

“ఏమ్మా, చెవులు ఎన్నాళ్ళ నుంచి ఇబ్బంది పెడుతున్నాయి?”

“ఏం లేదు మేడమ్, మంచిగనే ఉన్న.”

“నా దగ్గర దాచకమ్మా. నాది లోపలి చెవి దెబ్బతింది. నా గొంతు నాకే సరిగ్గా వినపడదు, అందుకే ఇలా అరుస్తాను. నువ్వేమో మరీ మెల్లగా మాట్లాడతావు. నీ గొంతు నీ తలలో గట్టిగా మోగుతోందా?”

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. “అవును మేడమ్. డబ్బాల తలకాయ పెట్టి మాట్లాడినట్టుంటది.”

“అయితే నీది నాలాంటిది కాకపోవచ్చు. నేను డాక్టర్ని కాదులే. శనివారం రా, పరీక్ష చేయిద్దాం.”

కొత్తగూడలో ఆవిడ వెళ్ళే వినికిడి కేంద్రంలో నన్ను బయటి చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. కూత ఎంత సన్నగా వినిపించినా నొక్కాలి. చాలాసేపు నాకు నిశ్శబ్దమే వినిపించింది. కిటికీ అవతల పరీక్ష చేసే అమ్మాయి చేతులు కదులుతున్నాయి, నా వేలు మాత్రం కదలడం లేదు. తర్వాత ఆమె హెడ్‌ఫోన్లు తీసి, చెవి వెనక ఎముకకు చిన్న బిళ్ళలాంటిది ఆనించింది. ఈసారి కూతలు స్పష్టంగా వినిపించాయి. నేను వరసగా మీట నొక్కుతూ పోతుంటే అవతల రాజ్యలక్ష్మి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“హెడ్‌ఫోన్ల చప్పుడు బయటి చెవి, నడిమి చెవి దాటి లోపలికి పోవాలె. ఎముక మీద పెట్టింది సీదా లోపలి చెవికే పోతది,” అని ఆ అమ్మాయి వివరించింది. “మీ లోపలి చెవి మంచిగున్నది. వచ్చే తొవ్వలనే ఏదో అడ్డమున్నది. పరేషాన్ కాకుండ్రి, డాక్టర్‌కు చూపెట్టుండ్రి.”

మధ్య చెవిలో ఒక చిన్న ఎముక బిగుసుకుపోయిందని డాక్టరు తేల్చారు. ఆపరేషనుతో చాలామందికి బాగవుతుందని, ఒకవేళ కాకపోయినా యంత్రం ఉందని చెప్పారు. బయటికి వస్తుంటే నాకు ఏడుపాగలేదు.

“మీది గిట్ల నయం కాదా మేడమ్?”

“కాదమ్మా. లోపలి చెవిలో కణాలు పోతే మళ్ళీ రావు. నీకొచ్చిన మంచి వార్తని నాదానితో పోల్చి పాడుచేసుకోకు. పద, ఆకలేస్తోంది.”

కుడి చెవికి ఆపరేషనయ్యాక, లోపల పెట్టిన దూది తీసిన రోజున, నా చున్నీ రాసుకునే చప్పుడు కూడా నాకు వినిపించింది. రాజీనామా ఆలోచన మళ్ళీ చేయలేదు.

ఆవిడ వినికిడి మాత్రం ఏటేటా తగ్గుతూ వచ్చింది. చివరికి యంత్రాలు కూడా సాయపడకపోతే, లోపలి చెవిలోనే పరికరం అమర్చే ఆపరేషను చేయించుకున్నారు. ఉద్యోగం మానేసి ఇప్పుడు నార్సింగిలో ఉంటున్నారు. మొన్న ఆదివారం వెళ్తే, మాటలు ఇంకా బొమ్మ పలికినట్టే వినిపిస్తున్నాయని, రోజూ సాధన చేయాలని చెప్పి, నన్ను పెదవులు కనపడకుండా తన వెనక కూర్చుని కూరగాయల పేర్లు చదవమన్నారు. నేను “దొండకాయ” అన్నాను. ఆవిడ “బెండకాయ” అన్నారు. కాదన్నాను.

“మళ్ళీ చెప్పు,” అన్నారు. ఆ గొంతులో సిగ్గు లేదు, విసుగు లేదు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగారు. ఈసారి “దొండకాయ” అని తనే నవ్వేశారు.

నా ఎడమ చెవి ఇప్పటికీ కొంత మందమే. ఇప్పుడు నాకూ ఒక టీముంది. మీటింగులో మాట అందకపోతే, ఎదుట ఎంతటివాళ్ళున్నా, “వినపడలేదు, మళ్ళీ చెప్పండి” అంటాను. ఇంతవరకూ ఎవరూ చెప్పనన్నది లేదు.